రాజమండ్రిలో రెండు రోజులు: ఏ పూట ఏం తినాలి, ఎలా వెతుక్కోవాలి?

పుణె_తెలుగమ్మాయి
అందరికీ నమస్కారం. ఆగస్టు చివర్లో ఒక శనివారం తెల్లవారుజామున రాజమండ్రిలో రైలు దిగుతాం, ఆదివారం రాత్రి బండికి తిరుగు ప్రయాణం. బస గోదావరి స్టేషన్ దగ్గర లాడ్జిలో. అమ్మకి డెబ్బై దగ్గర పడింది, శాకాహారి, కారం పడదు, మెట్లు ఎక్కలేరు. మేమిద్దరం అన్నీ తింటాం, చేపలంటే మరీ ఇష్టం. పాపకి ఆరేళ్ళు. సొంత బండి లేదు, ఆటోలే దిక్కు.

ఊళ్ళోవాళ్ళు తినేచోట తినాలని ఉంది. ఏ పూట ఎటు వెళ్ళాలి? పులస దొరుకుతుందా? ఫోన్‌లో రేటింగులు చూసి వెళ్ళొచ్చా? పూతరేకులు, కాజా ఎక్కడ కొనాలి?

కోటగుమ్మం
రండి, రండి. మీ బస మంచిచోటే ఉందండి. కోటగుమ్మం, మెయిన్ రోడ్డు, పుష్కర ఘాట్ అన్నీ దగ్గర దగ్గరగానే ఉంటాయి.

ఈ ఊళ్ళో "మంచి హోటల్ ఏది" అని అడిగితే నలుగురు నాలుగు పేర్లు చెబుతారు. "ఈ పూట ఏది బాగుంటుంది" అని అడగండి. పొద్దున పెసరట్టు అద్భుతంగా వేసే కొట్టు మధ్యాహ్నానికి షట్టర్ దించేస్తుంది. భోజనం బాగా పెట్టే మెస్‌లో రాత్రి ఏమీ ఉండదు. ఒకే పెద్ద రెస్టారెంటులో మూడు పూటలూ తింటే కడుపు నిండుతుంది, అంతే. ఊరి రుచి తెలియదు.

వేళలు చెబుతాను. తెల్లారి 5:30, 6 మధ్య దిగితే దొరికేది ఇడ్లీయే. అదే తినండి. తొలి వాయి ఇడ్లీ, అప్పుడే రుబ్బిన చట్నీ, ఆ వేళ మించింది లేదు. పెనాలు కాగి అట్లు నిలకడగా రావడానికి 6:30, 7 అవుతుంది. పెసరట్టుకి 7 నుంచి 9 లోపు వెళ్ళండి. 9:30 దాటితే చిన్న కొట్లలో గిన్నె అడుగు పిండి మిగులుతుంది, నీళ్ళు కలిపి సాగదీస్తారు.

భోజనానికి 12:15కల్లా కూర్చోండి. 2 దాటితే వేపుడు అయిపోతుంది, పప్పు చల్లారుతుంది, పెరుగు పులుస్తుంది. సాయంత్రం బజ్జీల బళ్ళు 4:30 ప్రాంతంలో మొదలై 8కి సర్దేస్తాయి. రాత్రి టిఫిన్లు 7 నుంచి. 9:30 తర్వాత ఊళ్ళో తిరిగి తిరిగి చివరికి బిర్యానీ దగ్గర ఆగాల్సిందే. పాప ఉంది కాబట్టి 8కల్లా తినేసేలా చూసుకోండి.

కంబాలచెరువు_గట్టు
పెసరట్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

పొట్టు తియ్యని పెసలు నాలుగైదు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బుతారు. కరకరలాడటానికి గుప్పెడు బియ్యం వేస్తారు. దోసె పిండిలా ఇది పులియకూడదు. రుబ్బిన రెండు మూడు గంటల్లో అట్టు పడాలి. నిలవ ఉంటే పులుపెక్కుతుంది, రంగు నల్లబడుతుంది. అందుకే పొద్దున పూట తినమనేది.

పెనం దగ్గర నిలబడి పిండి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆకుపచ్చగా, కాస్త బరకగా, పొట్టు చుక్కలు కనిపిస్తూ ఉంటే మంచిది. లేత పసుపు రంగులో నున్నగా ఉంటే పెసరపప్పుతో చేసిందో, శనగపిండి కలిపిందో అయ్యుంటుంది. అట్టు తిరగేశాక అంచు తుంచితే చిటుక్కుమనాలి, మధ్యలో మెత్తగా ఉండాలి. సాగితే బియ్యం ఎక్కువైంది. పొడిపొడిగా విరిగితే పిండి మరీ బరకగా రుబ్బారు.

"నేతి పెసరట్టు" అని బోర్డున్నచోట నెయ్యి ఎప్పుడు వేస్తున్నారో గమనించండి. పెనం మీద ఉండగా అంచుల చుట్టూ వేస్తే అట్టుకి పడుతుంది. ప్లేటులో పెట్టాక పైన చెంచాడు పోస్తే వాసనే మిగులుతుంది. ఉప్మా పెసరట్టు అడిగితే ఉప్మా వేడిగా ఉందా అని ముందే కనుక్కోండి. పొద్దున్నే చేసి పక్కన పెట్టిన ఉప్మా లోపల పెడితే అట్టు మెత్తబడిపోతుంది.

అల్లం పచ్చడి మర్చిపోకండి. అల్లం, చింతపండు, బెల్లం మూడూ నాలిక మీద విడివిడిగా తెలియాలి. పచ్చడి జారుగా, తియ్యగా మాత్రమే ఉంటే అల్లం పొదుపు చేశారన్నమాట. ఆ కొట్టులో రెండోసారి తినక్కర్లేదు.

పుణె_తెలుగమ్మాయి
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి, చాలా థాంక్స్. మరి కొట్టు ఎంచుకోవడం ఎలా? మ్యాప్‌లో చూస్తే అన్నింటికీ నాలుగు పైనే రేటింగ్ ఉంది.

తాడితోట_బట్టలకొట్టు
రేటింగ్ అంకె వదిలేయండి. ఆ పేజీలో పనికొచ్చేవి వేరే ఉన్నాయి. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, గత రెండు నెలలవి చదవండి. చిన్న ఊళ్ళలో వంటమనిషి మారితే రుచి మారిపోతుంది, పాత పొగడ్తలు మాత్రం అలాగే ఉంటాయి. తర్వాత, తిన్నవాళ్ళు పెట్టిన ఫొటోలు చూడండి. విస్తట్లో ఏం వడ్డించారో, ఎన్ని కూరలో, పప్పు చిక్కగా ఉందో పల్చగా ఉందో అందులో కనిపిస్తుంది. "సూపర్", "గుడ్ ఫుడ్" అని రాసినవి వంద ఉన్నా లాభం లేదు. "వంకాయ కూర బాగుంది, సాంబారు నీళ్ళు" అని ఒక్కరు రాసినా నమ్మొచ్చు. వెతికేటప్పుడు తెలుగు లిపిలో "మెస్", "టిఫిన్స్" అని కొడితే ఇంగ్లీషులో రాని కొట్లు కూడా కొన్ని బయటపడతాయి. ఇంటి దగ్గర నడిపే మెస్‌లు చాలావరకు డెలివరీ యాప్‌లలో ఉండవు, కాబట్టి యాప్ మీద ఆధారపడితే సగం ఊరు కనిపించదు.

అంతకన్నా మేలైన పద్ధతి మనుషుల్ని అడగడం. అడిగే తీరులోనే ఉంది అంతా. "ఇక్కడ మంచి హోటల్ ఎక్కడండి?" అంటే మీ బట్టలు, సామాను చూసి ఏసీ ఉన్న ఖరీదైన చోటు చెబుతారు. అది వాళ్ళ మర్యాద. "మీరు టిఫిన్ ఎక్కడ చేస్తారండి?" అని అడగండి. అప్పుడు అసలు పేరు బయటికొస్తుంది. ఇంకా మంచిది, పదార్థం పేరు పెట్టి అడగడం: "దిబ్బరొట్టె ఎక్కడ బాగుంటుంది?", "చేపల పులుసు ఎవరు బాగా చేస్తారు?"

ఎవర్ని అడగాలన్నది కూడా ముఖ్యం. రోజూ మధ్యాహ్నం బయట తినేవాళ్ళని అడగాలి. మందుల షాపులో కుర్రాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, కోర్టు దగ్గర గుమస్తాలు, మెడికల్ రిప్రజెంటేటివ్‌లు, మా తాడితోట హోల్‌సేల్ బట్టల మార్కెట్‌లో పనిచేసేవాళ్ళు. వీళ్ళకి డబ్బు లెక్క ఉంటుంది, టైం లెక్క ఉంటుంది, రోజూ తిన్నా కడుపు పాడవకూడదన్న లెక్కా ఉంటుంది. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు ఒకే పేరు చెబితే ఇక ఆలోచించకుండా వెళ్ళండి.

లాలాచెరువు_జంక్షన్
సింపుల్ అండి. జనం ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడ కూర్చోండి.

తాడితోట_బట్టలకొట్టు
దాంతో పూర్తిగా ఒప్పుకోలేనండి. జనం ఉన్నారంటే పిండి, కూర నిలవ ఉండవు, అంతవరకు నిజం. కానీ బస్టాండు ఎదురుగా, స్టేషన్ ఎదురుగా కూడా జనం ఉంటారు. వాళ్ళు మళ్ళీ రారు, రుచి బాగోలేకపోయినా ఆ కొట్టుకి నష్టం లేదు. ఏ జనం అన్నది చూడాలి. బ్యాగులున్న జనం ఒక లెక్క, ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకుని పార్సిల్ కట్టించుకునే జనం ఇంకో లెక్క. స్టీలు క్యారేజీలు వరసలో కనిపించాయంటే పక్క వీధివాళ్ళు తమ ఇంట్లోవాళ్ళకి పట్టుకెళ్తున్నారన్నమాట. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇంకొకటి, వంటకాల సంఖ్య. గోడ మీద పది రకాలు రాసి ఉన్న టిఫిన్ కొట్టు మంచిది. అరవై రకాల మెనూలో చైనీస్, తందూరీ, దోసె, చేపల పులుసు అన్నీ ఉన్నాయంటే ఫ్రిజ్ నిండా సామాను ఉందని అర్థం.

ధవళేశ్వరం_రేవు
పులస సంగతి నేను చెబుతాను. ఆశ పెట్టుకుని వచ్చి డబ్బులు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ.

ఈ చేప సముద్రంలో ఉంటుంది. వానాకాలంలో గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. సముద్రంలో పట్టినప్పుడు అది విలస. నదిలో ఈదుకుంటూ వచ్చాక కొవ్వు, రుచి మారి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేదు. కాబట్టి అసలు పులస దొరికేది ఆనకట్టకీ సముద్రానికీ మధ్య ఉన్న గోదావరి పాయల్లోనే, జులై నుంచి సెప్టెంబరు దాకా. మీరొచ్చేది సరైన కాలమే. కానీ పట్టుబడి తక్కువ, కొనేవాళ్ళు ఎక్కువ. యానాం వేలంలో ఒక్క చేప పది, పదిహేను వేలు దాటిన సందర్భాలున్నాయి.

ఆ ధర తెలిశాక లెక్క వేసుకోండి. చేప ధరే అంత ఉంటే హోటల్లో రెండు మూడు వందలకి "పులస పులుసు" ముక్క ఎలా పెడతారు? ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసులో వచ్చిన ఇలస (ఇదే జాతి చేప) అయ్యుంటుంది. అదీ మంచి చేపే, తినకూడదని కాదు. పులస ధర మాత్రం ఇవ్వకండి. ముక్క పులుసులో ఉడికాక చూపుతో తేడా పట్టడం చాలా కష్టం. కాబట్టి ఒకటే దారి: వండకముందు చేపని చూపించమనడం, ఏ రేవు నుంచి వచ్చిందో అడగడం. నిజంగా తెచ్చేవాళ్ళు ఒకరోజు ముందు ఆర్డరు తీసుకుంటారు, అడ్వాన్సు అడుగుతారు, దొరక్కపోతే దొరకలేదని చెప్పేస్తారు. "ఎప్పుడూ ఉంటుందండి, వచ్చేయండి" అన్నచోటికి వెళ్ళకండి.

తినేటప్పుడు జాగ్రత్త, ముళ్ళు సన్నగా, లెక్కలేనన్ని ఉంటాయి. పాపకి పెట్టొద్దు. మట్టికుండలో సన్నసెగ మీద, చింతపండు పులుసు, బెండకాయలు, పచ్చిమిర్చి వేసి వండుతారు. దించేముందు ఆవకాయ మీద తేలే నూనో, కాస్త వెన్నో వేసేవాళ్ళున్నారు. పొద్దున వండింది సాయంత్రానికి, రాత్రి వండింది మర్నాటికి రుచి పెరుగుతుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నం తినాలంటే శనివారమే చెప్పి, రాత్రే వండించమనండి.

యానాం_ఒడ్డు
ధవళేశ్వరం గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటి కలుపుతాను. పులస దొరక్కపోతే నిరాశపడక్కర్లేదు. గోదావరి జిల్లాల చేపల పులుసంటే అదొక్కటే కాదు. పండుగప్ప వేపుడు, కొరమీను పులుసు, బొమ్మిడాయిల పులుసు అడగండి. బొమ్మిడాయికి నడుమ ఒక్క ముల్లే ఉంటుంది గనక తినడం తేలిక, దాని పులుసు మామూలు చేపల పులుసు కంటే చిక్కగా ఉంటుంది. పాపకి పండుగప్ప ముక్క ముల్లు తీసి పెట్టొచ్చు.

చేపలకి కాలం చూసుకోవాలని మిగతావాళ్ళకి కూడా చెబుతున్నా. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు హోటల్లో పెట్టే చందువ, వంజరం చాలావరకు ఐసు సరుకే. అప్పుడు చెరువు చేపలు, కొరమీను, రొయ్యలు తినడం తెలివి. అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవాళ్ళు చీరమీను అడగండి. తూర్పుగాలి మొదలయ్యాక కొద్ది రోజులు మాత్రమే దొరికే పిల్లచేప. గ్లాసుతోనో సేరుతోనో కొలిచి అమ్ముతారు. చింతచిగురుతోనో మామిడికాయతోనో వండుతారు, గారెలూ వేస్తారు. ఏడాదంతా మెనూలో చీరమీను ఉందంటే అది ఫ్రీజర్‌లోది.

శనివారం చాలా ఇళ్ళలో నీచు ముట్టరు. శ్రావణ మాసం నడుస్తుంటే మరీను. కాబట్టి శనివారం చేపల బేరం మందంగా ఉంటుంది. మీ చేపల భోజనం ఆదివారానికి పెట్టుకోండి.

పుణె_తెలుగమ్మాయి
అయితే శనివారం అంతా శాకాహారం, ఆదివారం మధ్యాహ్నం చేపలు. అమ్మకి మరి? చేపల హోటల్లో ఆవిడ కూర్చోలేరు. ఉల్లి, వెల్లుల్లి లేనిది దొరికితే ఇంకా మంచిది.

గౌతమీ_ఘాట్
అమ్మగారికి ఇబ్బంది లేదండి. గౌతమీ ఘాట్ దగ్గర ఇస్కాన్ మందిరం ఉంది, ఉల్లి వెల్లుల్లి లేని ఆహారం కావాలంటే ముందుగా అక్కడే కనుక్కోండి. ప్రసాదం, భోజనం వేళలు ముందురోజే అడిగి తెలుసుకోవాలి, నేరుగా వెళ్తే ఆ వేళకి లేకపోవచ్చు. ఊళ్ళో బ్రాహ్మణ భోజనం అని బోర్డులున్న చిన్న మెస్‌లు కూడా ఉన్నాయి. వాటిలో చాలావాటికి లెక్కగా వండే అలవాటు ఉంటుంది. పొద్దున 9, 10 మధ్య ఫోన్ చేసి "ఇద్దరికి ఉంచండి" అంటే ఉంచుతారు. ఒంటిగంటకి వెళ్ళి అడిగితే చారు, మజ్జిగ మిగలొచ్చు.

కారం తక్కువ కావాలంటే "కారం తగ్గించండి" అని మెస్‌లో అడిగి లాభం లేదు, కూర అప్పటికే అయిపోయి ఉంటుంది. ఏవి అడగాలో తెలుసుకుంటే చాలు. ముద్దపప్పు, నెయ్యి, పప్పుచారు, కంద బచ్చలి, పెరుగు. కంద బచ్చలిలో ఆవపెట్టు ఘాటు ఉంటుంది, కారం కాదు, అయినా కొంచెం వడ్డించుకుని చూడమనండి. పనసపొట్టు కూరదీ అదే సంగతి. ఆగస్టులో లేత పనస కాలం దాటిపోతుంది గనక దొరక్కపోవచ్చు. గోంగూర, కొత్తావకాయ, కొరివికారం పక్కన పెట్టేయాలి. పాపకి కూడా ముద్దపప్పు, నెయ్యి, వేయించిన అప్పడం సరిపోతాయి.

కింద కూర్చుని తినే చోట్లు ఇప్పుడు తక్కువ. అయినా మెట్లున్నాయా, మేడ మీదా అని ఫోన్‌లోనే అడగండి. మెయిన్ రోడ్డు వైపు పాత భవనాల్లో భోజనశాల మొదటి అంతస్తులో ఉండటం మామూలే.

పార్సిల్ దారి కూడా ఉంది. ఆదివారం మీరు చేపలకి వెళ్ళేముందు అమ్మగారికి ఒక శాకాహార పార్సిల్ లాడ్జికి తెచ్చి పెట్టండి. మన వైపు పార్సిల్ భోజనం అంటే అన్నం ఇద్దరికి సరిపోయేలా కడతారు, కాబట్టి ఒకటి చాలు. పెరుగు, పులుసు కవర్లు విడిగా కట్టించుకోండి, అన్నం పొట్లంతో కలిపి కడితే వేడికి పెరుగు పులిసిపోతుంది.

దేవీచౌక్_సాయంత్రం
సాయంత్రాల గురించి ఎవరూ రాయలేదేం? మా దేవీచౌక్ వైపు రండి.

దిబ్బరొట్టె ముందు. మినప్పిండి, ఇడ్లీ రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద పావుగంట, ఇరవై నిమిషాలు కాలుస్తారు. అడుగు ఎర్రగా గట్టిగా, లోపల దూదిలా ఉండాలి. తొందరపడి మంట పెంచితే అడుగు మాడి లోపల పచ్చిపిండి వాసన వస్తుంది. కాబట్టి ఆర్డరిచ్చి కూర్చోవాలి. రెండు నిమిషాల్లో తెచ్చి పెట్టారంటే అది చల్లారినదే, మళ్ళీ వేడి చేశారు. చెరకుపానకం ఉంటే దాంతోనే తినండి. పాపకి తప్పకుండా నచ్చుతుంది.

బజ్జీల బండి దగ్గర నూనె చూడండి. బాగా నల్లగా ఉండి, బజ్జీ వేయగానే నురగ పైకి పొంగి తగ్గకపోతే పాత నూనె. తేట నూనెలో బుడగలు చిన్నగా వచ్చి తగ్గిపోతాయి. బండి తెరిచిన మొదటి గంటలో వెళ్తే ఈ బాధ తక్కువ. టమాటా బజ్జీ అడగండి, కోసి, ఉల్లిపాయ, కారం, నిమ్మరసం చల్లి ఇస్తారు. అమ్మగారికి కారం లేకుండా చల్లమంటే చల్లుతారు, ఇది అప్పటికప్పుడు చేసేది కదా. ముంతకింద పప్పు కలిపిన వెంటనే తినేయాలి, పార్సిల్ కట్టించుకుంటే పది నిమిషాల్లో మెత్తబడుతుంది.

మెయిన్ రోడ్డులో దశాబ్దాల నాటి రోజ్‌మిల్క్ దుకాణం ఉంది, ఎవర్ని అడిగినా చూపిస్తారు. రోజ్‌మిల్క్ అని ఇప్పుడు వీధికొకటి పెట్టారు. పాలు కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో చల్లబరిచినవైతే చిక్కగా ఉంటుంది. గ్లాసులో ఐసు ముక్కలు వేసి ఇస్తే నీళ్ళ రుచి వస్తుంది, ఆ ఐసు ఏ నీళ్ళదో కూడా తెలియదు. ఐసు లేకుండా అడగండి.

పుణె_తెలుగమ్మాయి
నోరూరుతోంది! ఇక పూతరేకులు, కాజా. ఆత్రేయపురం, తాపేశ్వరం వెళ్ళే వీలుంటుందా, ఊళ్ళోనే కొనాలా?

మండపేట_రోడ్డు
రెండూ ఒక్క రోజులో తిరగాలంటే పెద్దావిడకి శ్రమ. ఒకటే ఎంచుకోండి. నా ఓటు ఆత్రేయపురానికి, ఎందుకంటే అక్కడ రేకు తీయడం చూడొచ్చు. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు దారి, ఆటో మాట్లాడుకుంటే వెళ్ళి రావడానికి సగం రోజు పెట్టుకోండి.

బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. క్షణంలో కాగితంలాంటి రేకు లేస్తుంది. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే, పొగ ముందు గంటల తరబడి కూర్చుంటారు. కొనేటప్పుడు బేరమాడకండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొనే పద్ధతి ఇది. ముందు ఒకటి కొని అక్కడే తినండి. రేకు నోట్లో కరిగిపోవాలి. పళ్ళకి అంటుకుంటే తేమ పట్టింది. వేలికి నెయ్యి తగిలి కమ్మటి వాసన రావాలి, మైనంలా పేరుకుంటే నెయ్యి కాదు, డాల్డా. బెల్లంవి, పంచదారవి, డ్రైఫ్రూట్‌వి ఉంటాయి. బెల్లం, నెయ్యి వేసినవి అసలు రుచి. ఆగస్టులో గాలిలో తేమ ఎక్కువ, కాబట్టి ఆదివారం బయల్దేరేముందు కొనండి. గట్టి అట్టపెట్టెలో పెట్టించి, చేతిసంచిలో పైన పెట్టుకోవాలి. ఇంటికెళ్ళాక గాలి చొరబడని డబ్బాలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే చెమ్మ పట్టి రేకు మెత్తబడుతుంది.

కాజాకి తాపేశ్వరం వెళ్ళలేకపోయినా రాజమండ్రిలో మడతకాజా దొరుకుతుంది. మడతకాజా పొరలు పొరలుగా విడిపోవాలి. కాకినాడ కోటయ్య కాజా గొట్టంలా ఉంటుంది, కొరికితే పాకం ఉరుకుతుంది. రెండూ ఒకటే అనుకుని కొనేవాళ్ళున్నారు. ప్రయాణానికి మడతకాజా మేలు, గొట్టంకాజా పాకం కారి సంచి పాడుచేస్తుంది.

ధవళేశ్వరం_రేవు
మండపేట గారూ, ఆగస్టు కదా, వరద సంగతి చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఆ రోజు బ్యారేజీ వైపు ప్రయాణం పెట్టుకోవద్దు, ఊళ్ళోనే కొనేసుకోండి. ఘాట్లలో స్నానాలకీ దిగనివ్వరు, పాపికొండల బోట్లూ ఆపేస్తారు. అప్పుడు చేపల రాకపోకలు కూడా తారుమారవుతాయి. వేట సాగక రేవులో సరుకు ఉండదు. కాబట్టి శుక్రవారం సాయంత్రమే వార్తల్లో నీటిమట్టం చూసుకోండి.

మండపేట_రోడ్డు
మంచి మాట చెప్పారు. వరద ఉంటే ఆత్రేయపురం మానేయడమే.

కాకినాడ_నుంచి
ఇంత దూరం వచ్చి కాకినాడ సుబ్బయ్య గారి హోటల్లో భోజనం చెయ్యకుండా వెళ్తారా? ఆదివారం మధ్యాహ్నం అటు పెట్టుకోండి!

కోటగుమ్మం
భోజనం మంచిదే గానీ, వాళ్ళకి ఉన్నది రెండు రోజులు. కాకినాడ వెళ్ళి రావడానికి మూడు, నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి. పెద్దావిడ, చిన్నపాప ఉన్నారు. ఇంకోసారి వచ్చినప్పుడు ఒక రోజు పూర్తిగా కాకినాడకి ఇమ్మనండి. మారేడుమిల్లి బొంగులో చికెన్ కూడా అంతే, 80 కిలోమీటర్ల పైమాటే. పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి, నూనె లేకుండా, ఆకుతో మూతి మూసి నిప్పుల మీద తిప్పుతూ కాల్చేది. అక్కడి వెదురు, అక్కడి నిప్పు ఉంటేనే రుచి. ఊళ్ళో రెస్టారెంట్లలో ఆ పేరుతో పెట్టేది కొన్నిచోట్ల విడిగా వండి బొంగులో పోసింది. కాబట్టి రాజమండ్రిలో దాని జోలికి వెళ్ళొద్దు.

పుణె_తెలుగమ్మాయి
సరేనండి, ఈసారికి ఊరు దాటం. ఒక్క ఆత్రేయపురం, అదీ వరద లేకపోతేనే. చివరి ప్రశ్న, పాప కడుపు కాస్త సున్నితం. బయట తిండికి ఏం జాగ్రత్త తీసుకోవాలి?

గౌతమీ_ఘాట్
వేడి పదార్థం వల్ల వచ్చే ఇబ్బంది తక్కువండి. చల్లటి వాటితోనే తంటా. కొబ్బరి చట్నీ పొద్దున 9 లోపు పెట్టొచ్చు, ఎండ ఎక్కాక వద్దు. పచ్చికొబ్బరి త్వరగా పాడవుతుంది, వాసన రాకముందే పాడవుతుంది. అప్పుడు కారప్పొడి, నెయ్యి అడగండి. మెస్‌లో జగ్గు నీళ్ళు పాపకి పట్టకండి, సీలు ఉన్న సీసా తీసుకోండి. కోసి పెట్టిన పళ్ళు, గ్లాసుల్లో ముందే పోసి ఉంచిన మజ్జిగ వద్దు. అరటిపండు ఇవ్వండి, రావులపాలెం మార్కెట్ దగ్గరే కాబట్టి ఇక్కడ అరటికి కొరత లేదు.

పొద్దున దిగగానే పెసరట్టు పెట్టొద్దు. రైల్లో నిద్ర లేని పిల్లలకి పెసలు అరగవు. శనివారం ఇడ్లీ, ఆదివారం పెసరట్టు. అమ్మగారికీ అదే వరస పెట్టండి.

కంబాలచెరువు_గట్టు
పొట్టిక్కలు కనిపిస్తే అమ్మగారికి అదే పెట్టండి, ఇడ్లీ కన్నా మేలు. పనసాకులు నాలుగు పుల్లలతో గుచ్చి బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. కోనసీమలో అంబాజీపేటవి పేరున్నవి. రాజమండ్రిలో అన్నిచోట్లా ఉండవు, అడిగి చూడండి. ఆకు విప్పినప్పుడు ఆకు వాసన పిండికి పట్టి ఉండాలి. స్టీలు గిన్నెలో వండి ఆకులో పెట్టి ఇస్తే ఆ వాసన రాదు.

తాడితోట_బట్టలకొట్టు
ఆదివారం కొన్ని మెస్‌లకి సెలవండి. ఆఫీసులు, కోర్టు, మార్కెట్ మూసి ఉంటే వాళ్ళకి బేరం లేదు. కాబట్టి మెస్ భోజనం శనివారమే చేసేయండి, చేపలు ఎలాగూ ఆదివారం కదా. అమ్మగారి పార్సిల్ కోసం ఎంచుకున్న చోటు ఆదివారం తెరుస్తారో లేదో శనివారం తిన్నప్పుడే కౌంటర్లో అడిగేయండి. సాధారణంగా చిల్లర సమస్య ఉండదు, ఫోన్ పేమెంటు అన్నిచోట్లా ఉంది. బజ్జీల బండి దగ్గర సిగ్నల్ ఆడకపోతే మాత్రం ఆగాల్సి వస్తుంది, వంద, యాభై నోట్లు జేబులో ఉంచుకోండి.

పుణె_తెలుగమ్మాయి
అన్నీ రాసుకున్నానండి. పులస కోసం శనివారం పొద్దున్నే ఎవరికి చెప్పాలి?

ధవళేశ్వరం_రేవు
పేరు ఇక్కడ పెట్టను, ఈ ఏడు ఎవరి దగ్గర సరుకు ఉందో రోజురోజుకీ మారుతుంది. శనివారం 10 లోపు ఆటోలో ధవళేశ్వరం రండి. రేవు దగ్గర చేపలమ్మే ఆడవాళ్ళని అడగండి, ఆ రోజు పులస పడిందో లేదో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పడితే ఎవరు కొన్నారో కూడా చెబుతారు. వండిపెట్టే ఇళ్ళ సంగతీ అక్కడే తెలుస్తుంది. చేప మొత్తం కొనాలంటారు, ఇద్దరికి అది ఎక్కువ. ఇంకో కుటుంబంతో పంచుకునే వీలుందా అని అడగండి, చాలామంది అలాగే చేస్తారు. మొప్ప ఎత్తి చూసి ఎర్రగా ఉంటే, వేలితో నొక్కితే గుంట పడకుండా ఉంటే అడ్వాన్సు ఇవ్వండి. లేకపోతే కొరమీను పులుసుకి చెప్పేసి వచ్చేయండి.